ఇసుక కట్టిన అఖాతం

విశాఖ సముద్రం చూసి కాకినాడ వచ్చినవాళ్ళకు ఇక్కడి ఒడ్డు కొంచెం నిరాశ కలిగిస్తుంది. విరుచుకుపడే అలలుండవు. రేవు దగ్గర నీళ్ళు బురద రంగులో, కదిలీ కదలనట్టు ఉంటాయి. మబ్బు, మంచు లేని రోజున తూర్పుకు చూస్తే దూరంగా నీళ్ళ మీద సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది. అసలు బంగాళాఖాతం ఆ గీతకు అవతల ఉంది. ఇవతల ఉన్నది కాకినాడ అఖాతం. విస్తీర్ణం సుమారు 146 చదరపు కిలోమీటర్లు. దక్షిణాన గోదావరి డెల్టా మడ అడవులు, పడమట కాకినాడ నగరం, తూర్పున ఆ గీత. ఉత్తరం వైపు మాత్రమే నీళ్ళకు దారి ఉంది. అఖాతం చాలా భాగంలో లోతు కొద్ది మీటర్లే.

ఆ గీతనే హోప్ ఐలాండ్ అంటారు. పేరుకు ద్వీపమైనా అది గౌతమీ గోదావరి ముఖద్వారం దగ్గర మొదలై ఉత్తరంగా దాదాపు 16 కిలోమీటర్లు సాగిన ఇసుక దిబ్బ. ఇది భూకంపం వల్ల పైకి లేచిన నేల కాదు, ఏ ప్రభుత్వమూ కట్టించిన గోడా కాదు. నది తెచ్చి పోసిన ఇసుకను అలలు ఒకే దిక్కుకు తోసుకుంటూ పోగా, ముఖ్యంగా గత రెండు శతాబ్దాల్లో, ఇంత పొడవు పెరిగింది. మన తాతల తాతలు చూసిన తీరంలో ఈ అఖాతం ఇప్పుడున్న రూపంలో లేదు.

ఈ అఖాతం పక్కనున్న పాత రేవు కోరంగి పేరు వినగానే మనకు ఉప్పెన గుర్తొస్తుంది. ఒక్క రాత్రిలో మునిగిపోయిన మహానగరం అన్న కథ చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ కథలో నిజం ఉంది గానీ, సగమే ఉంది. కోరంగిని రేవు కాకుండా చేసిన బలం, కాకినాడను రేవుగా నిలబెట్టిన బలం, ఇవాళ ఉప్పాడ ఊరిని కోసేస్తున్న బలం మూడూ ఒకటే. అది గోదారి ఇసుక ప్రయాణం. ఆ ప్రయాణం అర్థమైతే ఈ తీరం చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

గోదావరి త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. దేశంలో దాదాపు పదో వంతు నేల మీద కురిసిన వాన ఈ నదిలోకే చేరుతుంది. వరదలొచ్చే నాలుగు నెలల్లో నీళ్ళు ఎర్రబారడం గోదారి జిల్లాల వాళ్ళందరికీ తెలుసు. ఆ ఎరుపు దక్కన్ పీఠభూమి నుంచి, తెలంగాణ, బస్తర్ అడవుల నుంచి కొట్టుకొచ్చిన మట్టి. ముఖద్వారానికి చేరేసరికి ప్రవాహం వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక అక్కడే దిగుతుంది. సన్నటి ఒండ్రు ఇంకా ముందుకు పోతుంది. ఇక్కడి నుంచి రెండింటి దారులూ వేరు.

ముందు ఇసుక సంగతి. నైరుతి రుతుపవనాల కాలమంతా మన తూర్పు తీరానికి అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వస్తాయి. ఒడ్డుకెక్కే అల ఇసుకను ఏటవాలుగా పైకి తోస్తుంది. వెనక్కి జారే నీళ్ళు మాత్రం నేరుగా పల్లానికి దిగుతాయి. ఈ ఎక్కడం, దిగడంలో ఒక్కో రేణువు ఒక్కో అలకు జానెడో బెత్తెడో ఉత్తరానికి జరుగుతుంది. రోజుకు వేల అలలు, నెలల తరబడి. శీతకాలంలో గాలి ఈశాన్యానికి మళ్ళినప్పుడు ఇసుక కొంత దక్షిణానికి తిరిగొస్తుంది గానీ, ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరం వైపే మిగులు. దీనికి సాక్ష్యం చూడాలంటే చెన్నై చాలు. అక్కడ సముద్రంలోకి రేవు గోడలు కట్టాక వాటికి దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా బీచ్ వెడల్పయింది. ఉత్తరాన రాయపురం ఒడ్డు కోతకు గురయింది.

ఇలా ఉత్తరానికి నడుస్తున్న ఇసుకకు గౌతమి ముఖద్వారం దాటాక ఒక చిక్కు వచ్చింది. డెల్టా భుజం దగ్గర తీరం ఒక్కసారిగా పడమటికి మళ్ళుతుంది. ఇసుకను మోసుకొచ్చే నీళ్ళు మాత్రం అంత చటుక్కున మళ్ళలేవు. అవి కొంతదూరం తిన్నగానే పోయి, లోతు పెరిగి బలం తగ్గిన చోట ఇసుకను దించేస్తాయి. దించిన ఇసుక నీటిమట్టానికి పైకి రాగానే దాని అంచే కొత్త ఒడ్డు అవుతుంది. ఆ ఒడ్డు వెంబడి ఇసుక మళ్ళీ నడుస్తుంది, మళ్ళీ చివర దిగుతుంది. హోప్ ఐలాండ్ ఉత్తరపు కొసను గోదావరి పాయింట్ అంటారు. ఈ దిబ్బ ఇలా తన కొస దగ్గరే పెరుగుతూ వచ్చింది.

ఇప్పుడు ఒండ్రు సంగతి. బంకమట్టి రేణువులు ఎంత సన్నవంటే మంచినీళ్ళలో అవి త్వరగా అడుక్కి దిగవు. వాటి ఉపరితలం మీద ఉండే ఋణావేశం ఒకదాన్నొకటి దగ్గరకు రానివ్వదు. ఉప్పునీళ్ళు తగలగానే నీటిలోని సోడియం, మెగ్నీషియం అయాన్లు ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. రేణువులు ఒకదానికొకటి అంటుకుని కుచ్చులుగా మారి బరువెక్కుతాయి. నది సముద్రాన్ని కలిసే చోట బురద అంత చప్పున పేరుకోవడానికి ఇదీ ఒక కారణం. పైగా హోప్ ఐలాండ్ పెద్ద అలలను ఆపేశాక లోపలి నీళ్ళు నెమ్మదించాయి. గౌతమి నుంచి చీలిన కోరంగి పాయ, గాడేరు పాయ తెచ్చే ఒండ్రు అఖాతం అడుగున పొరలు పొరలుగా దిగింది. ఇసుక గోడ కట్టింది, ఆ గోడ చాటున బురద నిండింది. ఈ వరుస గుర్తుంచుకుంటే కోరంగి కథ వేరే రకంగా కనిపిస్తుంది.

పుష్య బహుళ అమావాస్యకు చొల్లంగిలో స్నానాలు చేయడం ఇప్పటికీ ఉంది. చొల్లంగి అమావాస్య అంటే కాకినాడ చుట్టుపక్కల తెలియనివాళ్ళుండరు. గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని, ఏడు సంగమాల్లోనూ స్నానం చేయాలని పెద్దలు పెట్టిన సప్తసాగర యాత్ర అక్కడే మొదలవుతుంది. చొల్లంగి దగ్గర తుల్యభాగ, తర్వాత కోరంగి దగ్గర ఆత్రేయ, అలా దక్షిణానికి అంతర్వేది వశిష్ఠ దాకా. చొల్లంగి, కోరంగి పటంలో ఇప్పుడు తెరచిన సముద్రం మీద లేవు. వాటి ముందు మడ అడవులు, బురద నేలలు, అఖాతం, ఆపైన హోప్ ఐలాండ్. ఆ యాత్ర వరుస పెట్టినవాళ్ళ కాలానికి ఈ పాయలు ఎంత పెద్దవో, సముద్రం ఎంత దగ్గరో మనం ఊహించుకోవచ్చు. తీరం జరిగిపోయినా మొక్కు మాత్రం పాత ఒడ్డునే పట్టుకుని ఉంది.

18వ శతాబ్దంలో ఈ అఖాతం చుట్టూ పాతిక ముప్పై కిలోమీటర్ల లోపల మూడు ఐరోపా దేశాలు దుకాణం పెట్టాయి. ఇంగ్లీషు కంపెనీ 1708లో ఇంజరంలో స్థిరపడింది. ఫ్రెంచివాళ్ళు 1723లో యానాం వచ్చారు. మధ్యలో వదిలేసి వెళ్ళినా మళ్ళీ తిరిగొచ్చి 1954 దాకా ఉన్నారు. డచ్చివాళ్ళు 1734లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో కుదురుకున్నారు. 1824 ఒప్పందం తర్వాత గానీ అది ఇంగ్లీషువాళ్ళ చేతికి రాలేదు. ఇంతమంది ఒక్కచోట చేరడానికి కారణం బట్ట. డెల్టా పల్లెల్లో మగ్గాల మీద నేసిన సన్నటి నూలు బట్టకు ఐరోపా సంతల్లో మంచి గిరాకీ ఉండేది. బట్ట ఎగుమతి చేయాలంటే ఓడలు కావాలి. ఓడలకు గాలివాన తగలని చోటు కావాలి. ఆ చోటు కోరంగి. 1759లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని స్వాధీనం చేసుకున్నారు.

కోరంగి పాయలోకి పెద్ద ఓడలు వచ్చి లంగరు వేసేవి. చెన్నపట్నంలో ఓడలు తెరచిన సముద్రంలో నిలబడి, సరుకూ మనుషులూ మసూలా పడవల్లో అలలు దాటాల్సి వచ్చే రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు. కోరంగిలో, పక్కనున్న తాళ్ళరేవులో ఓడలు కట్టేవారు. 19వ శతాబ్దం మొదట్లో ఓడల మరమ్మతుకు అక్కడ డాక్ కూడా ఉండేది. పోటు సమయంలో ఓడను లోపలికి తెచ్చి, పాటు దిగాక అడుగు భాగం బాగుచేసుకోవడానికి మెత్తటి బురద ఒడ్డు ఎంతో అనువు. ఓడను దింపుకునే మెత్తదనం ఇచ్చిన ఆ బురదే తర్వాత ఓడను రానివ్వలేదు. చెక్క పడవలు కట్టే పని మాత్రం ఆ చుట్టుపక్కల ఇవాళ్టికీ బతికే ఉంది.

ఇక తుపాన్లు. 1789 డిసెంబరు ఉప్పెన గురించి దాదాపు రెండు శతాబ్దాల కిందట రాసిన వర్ణనను, తుపానుకు ‘సైక్లోన్’ అన్న పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ తన పుస్తకంలో చేర్చాడు. పోటు బాగా ఎక్కి ఉన్న సమయంలో, గాలి నీళ్ళను అఖాతం మూలకు తోసిపెడుతుండగా, సముద్రం నుంచి మూడు భారీ అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయట. మొదటిది ఊళ్ళోకి అడుగుల ఎత్తున నీళ్ళు తెచ్చింది. రెండోది పల్లపు నేలంతా ముంచింది. మూడోది మిగిలినదంతా కొట్టుకుపోయింది. 20,000 మంది చనిపోయారని, నది నోట్లో లంగరు వేసిన ఓడలు యానాం చుట్టుపక్కల పొలాల్లోకి వచ్చి పడ్డాయని ఆ వర్ణన చెబుతుంది.

నా దృష్టి మాత్రం దాని చివరనున్న ఒక సంగతి మీద పడుతుంది. సముద్రం వెనక్కి తగ్గుతూ ఇసుక, బురద గుట్టలు వదిలివెళ్ళిందని, వాటితో నది నోరు పెద్ద ఓడలకు మూసుకుపోయిందని అందులో ఉంది. చనిపోయినవాళ్ళ సంఖ్య అందరూ ఎత్తి రాస్తారు, ఈ మాట ఎవరూ పట్టించుకోరు. ఊరు మళ్ళీ కట్టుకోవచ్చు. దివిసీమ 1977 ఉప్పెన తర్వాత కట్టుకుంది. రేవుకు ఓడ దారి మూసుకుపోతే ఊరు కట్టుకుని ప్రయోజనం లేదు.

1839 నవంబరులో కోరంగి మీద మరో పెద్ద తుపాను విరుచుకుపడింది. దాని వివరాలు పిడింగ్టన్ అప్పట్లోనే సేకరించి కలకత్తాలో అచ్చు వేయించాడు. ఈ తుపాను గురించి ఇవాళ ఎక్కడ చదివినా మూడు అంకెలు కనిపిస్తాయి: 40 అడుగుల ఉప్పెన, మూడు లక్షల మంది మృతులు, 20,000 ఓడల నాశనం. ప్రపంచంలో అతి ఘోరమైన తుపాన్ల జాబితాల్లో కోరంగి పేరు ఈ అంకెలతోనే ఎక్కుతుంది.

ఈ అంకెలను నేను నమ్మను. అప్పటి రాజమండ్రి జిల్లా మొత్తం జనాభా 1821లో 7.38 లక్షలు, 1841లో 5.61 లక్షలు. అంటే ఇరవై ఏళ్ళలో తగ్గింది లక్షా డెబ్బై ఏడు వేలు. ఆ ఇరవై ఏళ్ళలోనే నందన కరువు వచ్చింది, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కరువు, వలస, తుపాను అన్నీ కలిపినా రెండు లక్షలకు చేరని చోట, ఒక్క రోజున ఒక్క రేవు దగ్గర మూడు లక్షల మంది ఎలా చనిపోతారు? ఇంకో విషయం ఉంది. 40 అడుగులు, మూడు లక్షలు, 20,000 ఓడలు అన్న మూడు అంకెలూ అచ్చు ఇలాగే 1737 కలకత్తా తుపాను వర్ణనలో ఉన్నాయి. ఆ కాలపు లండన్ పత్రికలో అచ్చయిన వార్త అది. రోజర్ బిల్హామ్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త 1994లో పాత రికార్డులు వెతికి ఆనాటి కలకత్తాకే ఆ సంఖ్య పొసగదని చూపించాడు. కలకత్తాకు పొసగని అంకె కోరంగికి అసలే పొసగదు. ఒక తుపాను లెక్క ఎప్పుడో ఎక్కడో ఇంకో తుపానుకు అంటుకుందని నా గట్టి అనుమానం.

ఇలా అనడం చనిపోయినవాళ్ళను తక్కువ చేయడం కాదు. 1839లో కోరంగి వాళ్ళు పడ్డ కష్టం ఆ ఊరి సొంతం. దాన్ని అరువు అంకెలతో చెప్పడమే వాళ్ళకు అన్యాయం.

తుపాను పోయాక కూడా కోరంగి పేరు సముద్రం మీద చెల్లింది. బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాక రంగూన్ రేవుల్లో, ధాన్యం మిల్లుల్లో పనికి ఈ తీరం నుంచి వేల మంది వెళ్ళారు. అక్కడ తెలుగు కూలీలందరినీ, ఏ జిల్లా వాళ్ళైనా సరే, కోరంగీలు అనేవారు. మారిషస్‌లోనూ తెలుగువాళ్ళకు ఆ పేరుండేది. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగినప్పుడు, 1942లో జపాను సేనలు వస్తున్నాయని వాళ్ళు కాలినడకన అడవుల గుండా తిరిగొచ్చినప్పుడు, వాళ్ళ పేరుకు మూలమైన రేవులో ఓడ ఆగే స్థితి లేదు. కోరంగి పాయ అప్పటికే పూడిపోయింది.

రేవు ఉత్తరానికి జరిగింది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఆనకట్ట అంటే మనం పొలాలకు నీళ్ళే తలచుకుంటాం. ఆ కాలువల్లో పడవలు కూడా నడిచేవి. ధవళేశ్వరం నుంచి కాలువ మీద సరుకు నేరుగా కాకినాడ చేరేది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం సాగి అక్కడి పత్తి ఆగిపోవడంతో ఇంగ్లండు మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి. కాకినాడ ఎగుమతులు అప్పుడు ఒక్కసారి పెరిగాయి. ఇంతలో హోప్ ఐలాండ్ పెరుగుతూ వచ్చి, కాకినాడ ముందున్న నీళ్ళకు కూడా పెద్ద అలల నుంచి చాటు ఇచ్చింది.

చాటు దొరికింది గానీ లోతు దొరకలేదు. కోరంగిని పూడ్చిన ఒండ్రే ఇక్కడా దిగుతోంది. అందుకే కాకినాడ పద్ధతి వేరుగా సాగింది. ఓడ మైళ్ళ దూరంలో లోతు నీళ్ళలో లంగరు వేస్తుంది. సరుకు పడవల మీద కాలువ గుండా అక్కడికి వెళ్తుంది. ఈ పద్ధతి పాతకాలంతో పోలేదు. ఇవాళ్టికీ కాకినాడ యాంకరేజ్ పోర్టు దగ్గర బార్జీల్లోకి బియ్యం బస్తాలు దించడం చూడవచ్చు. మిల్లుల నుంచి వచ్చిన లారీలు కాలువ గట్టున బారులు తీరి ఉంటాయి. బస్తాలు నెత్తిన పెట్టుకున్న కూలీలు పలక మీదుగా బార్జీలోకి నడుస్తారు. నిండిన బార్జీ నీటిమట్టానికి అంచు తాకేంత దిగి, మెల్లగా ఓడ దగ్గరకు బయలుదేరుతుంది. ఆ బియ్యంలో చాలా భాగం పశ్చిమ ఆఫ్రికా దేశాలకు పోతుంది. సముద్రం నడుమ, ఒక ఓడ పక్కన బార్జీని నిలబెట్టి బస్తాలు ఎత్తాలంటే అలలు లేని నీళ్ళు కావాలి. హోప్ ఐలాండ్ లేకపోతే ఈ పని సాగదు. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చి పెద్ద ఓడలు గట్టుకే చేరుతున్నాయి. అందుకు ఓడల దారిని తవ్వుతూనే ఉండాలి. నది పూడుస్తుంది, యంత్రం తవ్వుతుంది.

అఖాతం దక్షిణపు అంచున బురద పని వేరు. అక్కడ పేరుకున్న ఒండ్రు మీద మడ అడవి లేచింది. 1978లో 235 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని కోరంగి అభయారణ్యంగా ప్రకటించారు. చెక్క వంతెన మీద నడుస్తూ వంగి చూస్తే బురదలోంచి వేళ్ళు పైకి పొడుచుకుని కనిపిస్తాయి, వేలెడంత పొడవు, వందల కొద్దీ. అవి మడ చెట్టు శ్వాసవేళ్ళు. బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి పాటు వేళ నీళ్ళు దిగినప్పుడు అవి గాలి పీల్చుకుంటాయి. మడ ఆకును తెంపి అడుగు భాగాన్ని నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. వేళ్ళు ఉప్పును చాలావరకు లోపలికి రానివ్వవు. తప్పించుకుని వచ్చినదాన్ని ఆకులోని గ్రంథులు బయటకు తోసేస్తాయి. ఎండ వేళ ఆకు మీద సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తూ కనిపిస్తాయి. తిల్ల చెట్టు ఆకు మాత్రం తెంపకూడదు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని మత్స్యకారులు పిల్లలకు ముందే చెబుతారు. అది వట్టి భయం కాదు, ఆ పాలు కంటికి నిజంగానే ప్రమాదం. ఉప్పుపొన్న విత్తనం ఇంకా చిత్రం. అది చెట్టు మీదే మొలకెత్తి, కోలగా పెరిగి, అప్పుడు రాలి బురదలో గుచ్చుకుంటుంది.

బావురు పిల్లి, నీటికుక్క ఈ అడవిలోనే బతుకుతాయి. శీతకాలంలో అఖాతం అంచుల బురద నేలల మీద ఉత్తర దేశాల నుంచి వలస వచ్చిన పిట్టలు వాలతాయి. ఆ గుంపుల్లో నారింజ రంగు ముక్కున్న ఇండియన్ స్కిమ్మర్ కనిపిస్తే అదృష్టం. దాని కింది ముక్కు పైదాని కన్నా పొడవు. నీటి మీద ఎగురుతూ కింది ముక్కును నీళ్ళలో దించి కోసుకుంటూ పోతుంది. చేప తగలగానే చటుక్కున మూస్తుంది. చంబల్ వంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే ఈ పిట్ట ఇప్పుడు ప్రపంచంలోనే అంతరించే ప్రమాదంలో ఉంది. హోప్ ఐలాండ్ సముద్రపు వైపు ఇసుకలో శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంతకు నూరు పైచిలుకు గుడ్లు పెడతాయి.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు కొంచెం దక్షిణాన తుపాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాలు బాగా దెబ్బతిన్నాయి. వేటకు వెళ్ళి సముద్రం మీద ఉన్నవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. మడ అడవి ఉన్న చోట ఊళ్ళకు నష్టం తగ్గిందని అక్కడివాళ్ళు అనేవారు. ఇందులో శాస్త్రం ఉంది, దానికి హద్దూ ఉంది. ఉప్పెన మీద స్వారీ చేస్తూ వచ్చే అలల దెబ్బను కొమ్మలూ వేళ్ళూ కొద్ది వందల మీటర్లలోనే బాగా తగ్గించగలవు. నీటిమట్టమే పెరిగి వచ్చే ఉప్పెనను తగ్గించాలంటే కిలోమీటర్ల వెడల్పున అడవి ఉండాలి. అందుకే రోడ్డు పక్కన నాలుగు వరసలు నాటి రక్షణ అనుకోవడం పొరపాటు.

పాడైన మడను తిరిగి పెంచవచ్చని ఇక్కడే రుజువైంది. చెట్లు నరికిన చోట నేల ఎండి కుంగి, పోటు నీళ్ళు వచ్చి నిలిచిపోయి, ఎండకు ఉప్పు పేరుకుని మొక్క బతకని పరిస్థితి వచ్చింది. అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, స్థానిక గ్రామాలవాళ్ళు కలిసి అక్కడ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్యలో పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా పిల్ల కాలువలు. పోటుకు నీళ్ళు లోపలికి వచ్చి పాటుకు బయటకు పోవడం మొదలయ్యాక ఉప్పు కడుక్కుపోయింది, నాటిన మడ నిలిచింది. నీటి దారి సరిచేయకుండా మొక్కలు మాత్రమే నాటితే ఇది జరిగేది కాదు.

ఇక ఉప్పాడ. అఖాతం నోటికి ఉత్తరాన, జాందానీ చీరలకు పేరుపడ్డ ఊరు. ఇక్కడ సముద్రం ఇళ్ళను, గుళ్ళను, కాకినాడ నుంచి వచ్చే బీచ్ రోడ్డును ఏళ్ళ తరబడి కోస్తోంది. గాలివాన తగ్గిన మర్నాడు ఉప్పాడ ఒడ్డున ఆడవాళ్ళు, పిల్లలు బారులుగా కూర్చుని తడి ఇసుకను చేతులతో, పుల్లలతో గీకుతూ కనిపిస్తారు. వెతుకుతున్నది బంగారు రవ్వల కోసం. సముద్రంలో కలిసిపోయిన పాత ఇళ్ళదీ గుళ్ళదీ అని వాళ్ళు చెబుతారు. వాళ్ళు కూర్చున్న ఒడ్డే ఒకనాటి ఊరి నడిమి భాగం.

ఉప్పాడకు ఈ గతి ఎందుకు? దక్షిణం నుంచి ఇసుక రావడం ఆగింది కాబట్టి. ఉత్తరానికి నడిచే గోదారి ఇసుక హోప్ ఐలాండ్ కొస దగ్గరే దిగిపోతోంది. అఖాతం నోరు దాటి ఉప్పాడ ఒడ్డుకు చేరేది తక్కువ. ఒడ్డున ఉన్న ఇసుకను అలలు ఉత్తరానికి తీసుకుపోతాయి, దాని బదులు కొత్తది రాదు. పైగా దిబ్బ కొస చుట్టూ వంగి వచ్చే అలల బలం అఖాతం లోపల తగ్గి, చాటు ముగిసిన చోట ఒడ్డుకు గట్టిగా తగులుతుంది. ఆ చోటే ఉప్పాడ. రేవు కోసం కట్టిన గోడలు, చేసిన తవ్వకాలు దీనికి తోడు. ఒడ్డున ఇసుక నింపిన పెద్ద సంచుల గోడ కట్టారు, అలలు దాన్నీ దెబ్బతీశాయి. ఇసుక లోటు వల్ల వచ్చిన జబ్బుకు గోడ మందు కాదు.

ఇప్పుడు ఆ లోటు మొదటికే వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 1970ల్లో గోదావరి ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000-2006 మధ్య అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. వాన అంతగా తగ్గలేదు. నది మీద, ఉపనదుల మీద కట్టిన ఆనకట్టల వెనక మట్టి ఆగిపోయింది. ఫలితం తీరంలో కనిపిస్తోంది. 1965 నుంచి 2008 వరకు 43 ఏళ్ళలో కృష్ణా గోదావరి డెల్టాల తీరం, పెరిగినది పోగా, 76 చదరపు కిలోమీటర్ల నేల కోల్పోయింది. వేల ఏళ్ళుగా సముద్రంలోకి పెరుగుతూ వచ్చిన డెల్టా ఇప్పుడు వెనక్కి తగ్గుతోంది. పోలవరం ఆనకట్ట పూర్తయితే మిగిలిన మట్టిలోనూ కొంత అక్కడ ఆగుతుంది.

ఇసుకతో పుట్టి, ఇసుకతో నిలబడ్డ హోప్ ఐలాండ్‌కు ఇసుక రావడం తగ్గితే ఏమవుతుందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. దిబ్బ సన్నబడుతుంది. ఒక పెద్ద తుపాను దాని మెడ దగ్గర గండి కొడితే పూడ్చడానికి సరుకు ఉండదు. అప్పుడు యాంకరేజ్ పోర్టుకు చాటు పోతుంది. వెనకనున్న మడ అడవికి, గాడిమొగ దగ్గర సముద్రపు సహజవాయువు ఒడ్డుకు చేరే చోటుకు, కాకినాడ పల్లపు పేటలకు అలలు నేరుగా తగులుతాయి.

చేయగలిగిన పనులు ఉన్నాయి, అవేమీ కొత్తవి కావు. విశాఖలో రేవు దగ్గర ఆగిపోయిన ఇసుకను తవ్వి రామకృష్ణా బీచ్ వైపు పంపడం చాలా ఏళ్ళుగా నడుస్తున్న పని. కాకినాడలో ఓడల దారిలో తవ్వేది చాలావరకు బురద, అది ఉప్పాడ ఒడ్డుకు పనికిరాదు. గోదావరి పాయింట్ దగ్గర ఏటా దిగుతున్న ఇసుకలో కొంత భాగాన్ని, దిబ్బకు హాని కాకుండా ఎంత తీయవచ్చో కొలిచి, అఖాతం నోరు దాటించి ఉప్పాడకు చేర్చాలి. జలాశయాల్లో వరద మొదటి రోజుల్లో, నీళ్ళు బాగా ఎర్రగా ఉన్నప్పుడు, అడుగు తూముల గుండా మట్టిని కిందికి వదిలే పద్ధతి వేరే దేశాల్లో ఉంది. పోలవరం నిర్వహణ నియమాలు రాసేటప్పుడే దాన్ని చేర్చాలి. వరద రోజుల్లో ధవళేశ్వరం నుంచి సముద్రంలోకి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారో గంట గంటకూ చెబుతారు. ఆ నీళ్ళతో పాటు ఎన్ని టన్నుల ఇసుక, ఎన్ని టన్నుల ఒండ్రు వెళ్ళిందో కూడా కొలిచి దాంతో పాటే చెప్పాలి.